పాత పికప్ ట్రక్కు ఐడిల్‌లో వణుకుతుంటే: కారణం వెతికే వరుస

సిగ్నల్ దగ్గర ఆపగానే స్టీరింగ్ వణుకుతుంది, బానెట్ ఊగుతుంది, ఏసీ వేస్తే ఇంజన్ ఆగిపోయేంత పని చేస్తుంది. బండి కదిలి వేగం అందుకుందంటే మాత్రం ఏమీ తెలియదు. పాత పెట్రోల్ పికప్‌లలో ఇది చాలా మామూలు జబ్బు. కారణాలు డజను దాకా ఉంటాయి. వెతికే వరుస సరిగ్గా ఉంటే మాత్రం వాటిలో సగం మొదటి గంటలోనే కొట్టేయొచ్చు.

జబ్బు ఐడిల్‌లోనే, అంటే బండి ఆగి ఉండి ఇంజన్ మాత్రం నెమ్మదిగా తిరిగేటప్పుడే, ఎందుకు బయటపడుతుందో ముందు తెలియాలి. ఐడిల్‌లో థ్రాటిల్ (ఇంజన్‌కు గాలి వదిలే తలుపు) దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి ఇంజన్ పీల్చే గాలి చాలా తక్కువ. పగిలిన ఒక సన్న పైపులోంచి దొంగతనంగా వచ్చే గాలి ఆ కొద్దిపాటిలో పెద్ద వాటా అయిపోతుంది. అదే లీకు 2,500 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర లెక్కలోకే రాదు. బలహీనమైన స్పార్కు, కొంచెం కారే వాల్వు, ప్లగ్గులకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో అరిగిన షాఫ్టు కూడా ఇంతే: ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే దొరికిపోతాయి.

అందుకే ఐడిల్ స్క్రూ జోలికి ముందే పోవద్దు. 650 ఆర్‌పీఎమ్‌ని 900కి పెంచితే వణుకు తగ్గినట్టు కనిపిస్తుంది, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. పైగా ఆటోమేటిక్ బండి డ్రైవ్‌లో వేయగానే దబ్బున కుదుపుతుంది, బ్రేకు మీద కాలు తీస్తే ముందుకు లాగుతుంది. కార్బురేటర్ బండిలో ఇంకో నష్టం కూడా ఉంది. థ్రాటిల్ ప్లేటు కావలసినదానికంటే ఎక్కువ తెరుచుకుంటే గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూలు పట్టు కోల్పోతాయి, ఆ తర్వాత వాటిని ఎంత తిప్పినా ఫలితం ఉండదు.

ముందు విని చూడాలి

గాలి ఆడే చోట బండి పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. గేరు న్యూట్రల్‌లో గానీ పార్క్‌లో గానీ ఉండాలి. వదులు బట్టలు, మెడలో గొలుసు వద్దు. నిప్పు ఆర్పే సిలిండర్ చేతికి అందేలా ఉంచుకోండి.

సైలెన్సర్ గొట్టం చివర నుంచి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఒక కాగితం ముక్క పట్టుకోండి. బాగున్న ఇంజన్ దాన్ని ఒకే తీరుగా బయటికి నెడుతూ ఉంటుంది. లయగా ఒక్కో దెబ్బ తప్పిపోతుంటే, అంటే నాలుగు దెబ్బలకోసారో ఆరు దెబ్బలకోసారో ఖాళీ తెలిస్తే, ఒకే సిలిండర్ మిస్ కొడుతోందన్నమాట, అంటే అందులో మంట సరిగ్గా అందుకోవట్లేదు. కాగితం మధ్యమధ్యలో వెనక్కి గొట్టంలోకి లాక్కుంటే మిస్‌ఫైర్ గానీ కాలిపోయిన ఎగ్జాస్ట్ వాల్వు గానీ అయ్యుండొచ్చు. లయ లేకుండా ఎక్కడపడితే అక్కడ తడబడుతుంటే అది అన్ని సిలిండర్లకూ ఉమ్మడి జబ్బు: మిక్స్చర్, ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు), టైమింగ్ (స్పార్కు పడే సమయం), పెద్ద ఎయిర్ లీక్ లాంటివి. ఆర్‌పీఎమ్ ఉయ్యాలలా పైకీ కిందికీ ఊగుతుంటే గాలి లీకునో ఐడిల్ కంట్రోల్ వాల్వునో మొదట అనుమానించండి.

ఎప్పుడు వస్తోందన్నది కూడా రాసి పెట్టుకోండి. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వస్తే చోక్ (చల్ల ఇంజన్‌కు గాలి తగ్గించే పలక), కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. వేడెక్కాక వస్తే మిక్స్చర్ రిచ్ కావడం (పెట్రోల్ ఎక్కువవడం), టాపెట్ క్లియరెన్స్ (వాల్వును తెరిచే భాగాల మధ్య సన్నని ఖాళీ) బిగుసుకుపోవడం, వేడికి ఆగలేని కాయిల్. బ్రేకు తొక్కినప్పుడల్లా ఐడిల్ మారుతుంటే బ్రేకుకు బలమిచ్చే బూస్టర్. డ్రైవ్‌లో వేస్తేనే వణికి, న్యూట్రల్‌లో నిమ్మళంగా ఉంటే ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లను కూడా జాబితాలో చేర్చండి.

గాలి లీకులు: ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతుంది

ఇరవై ముప్పై ఏళ్ల బండిలో వాక్యూమ్ పైపుల రబ్బరు గట్టిపడి, చివర్లలో పగులుతుంది. పైకి బాగున్నట్టే కనిపించే పైపును కూడా కొంచెం వంచి చూడండి. నిపుల్ మీద కూర్చునే చోట అడుగువైపు సన్నగా చీలి ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు బుస్సుమనే శబ్దం వస్తుందేమో వినండి. చెవి దగ్గర ఒక రబ్బరు పైపు ముక్క పెట్టుకుని, రెండో చివరను ఇన్‌టేక్ చుట్టూ తిప్పితే శబ్దం ఎక్కడిదో తేలిగ్గా తెలుస్తుంది. ఫ్యాను, బెల్టుల దరిదాపుల్లోకి మాత్రం దాన్ని పోనివ్వకండి.

వాక్యూమ్ గేజ్ ఒకటి కొనుక్కోండి. పాత ఇంజన్ మీద పనిచేసేవాళ్లకు ఇంత తక్కువ ఖర్చులో ఇంత సమాచారం ఇచ్చే పరికరం మరొకటి లేదు. థ్రాటిల్ ప్లేటు కింద, మానిఫోల్డ్‌కు (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగానికి) నేరుగా కలిసే నిపుల్‌కు దాన్ని తగిలించి, వేడెక్కిన ఇంజన్‌ను ఐడిల్‌లో నడపండి. సముద్రమట్టం దగ్గర 17 నుంచి 22 పాదరస అంగుళాల మధ్య ముల్లు కదలకుండా నిలబడాలి. ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ దాదాపు ఒక అంగుళం తగ్గించి లెక్కేసుకోండి.

ముల్లు నిలకడగానే ఉండి 14-16 చూపిస్తే టైమింగ్ లేటుగా ఉండొచ్చు. అంతకంటే బాగా కిందికి పడిపోయి అక్కడే నిలబడితే మానిఫోల్డ్ గ్యాస్కెట్‌లోనో కార్బురేటర్ అడుగునో పెద్ద లీకు ఉంది. లయగా మూడు నాలుగు అంగుళాలు పడి మళ్లీ లేస్తుంటే ఒక సిలిండర్‌లో వాల్వు గానీ స్పార్కు గానీ దెబ్బతిన్నట్టు. నెమ్మదిగా అటూ ఇటూ తేలుతుంటే మిక్స్చర్ చూడండి.

లీకు ఉన్న చోటు పట్టుకోవడానికి స్ప్రే సీసాలో సబ్బు నీళ్లు పోసి, సన్నని తుంపరగా ఇన్‌టేక్ గ్యాస్కెట్ అంచుల మీద, కార్బురేటర్ అడుగున, థ్రాటిల్ షాఫ్టు రెండు చివర్లా, ప్రతి పైపు మొదలు దగ్గరా కొట్టండి. లీకున్న చోట నీళ్లు లోపలికి పీల్చుకుంటాయి, ఆ క్షణంలో ఇంజన్ శబ్దం మారుతుంది. కార్బ్ క్లీనర్ స్ప్రేతో ఇదే పరీక్ష ఇంకా బాగా పనిచేస్తుంది. కానీ వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడినా, ముసలి ప్లగ్ వైరు దగ్గర నిప్పురవ్వ తగిలినా భగ్గుమంటుంది. నీళ్లతో పని జరిగేటప్పుడు దాని జోలికి పోకపోవడమే మంచిది.

పీసీవీ వాల్వును (ఇంజన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపేది) వాల్వ్ కవర్ నుంచి ఊడదీసి, ఇంజన్ నడుస్తుండగా కొనను వేలితో మూయండి. వేలిని గట్టిగా పీల్చాలి, ఐడిల్ కొద్దిగా తగ్గాలి. పీల్చకపోతే వాల్వు గానీ పైపు గానీ పూడిపోయింది. మూయగానే వణుకు పూర్తిగా పోతే వాల్వు తెరుచుకుని ఇరుక్కుంది, లేదా ఆ ఇంజన్‌ది కాని వాల్వు వేశారు. బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే లావు పైపును ఊడదీసి, మానిఫోల్డ్ వైపు నిపుల్‌ను మూసి నడిపి చూడండి. ఐడిల్ నిమ్మళిస్తే బూస్టర్ డయాఫ్రమ్ గానీ ఆ పైపు గానీ చిరిగింది. దాన్ని వణుకు సమస్యగా చూడకండి, అది బ్రేకుల సమస్య. మార్చేదాకా బండి రోడ్డెక్కించొద్దు.

వీ-6, వీ-8 ఇంజన్లలో బయట ఎంత స్ప్రే చేసినా దొరకని లీకు ఒకటుంది. ఇన్‌టేక్ గ్యాస్కెట్ అడుగువైపు పోతే గాలితోపాటు లిఫ్టర్ వ్యాలీలోని (రెండు సిలిండర్ వరుసల మధ్య పల్లంలోని) ఇంజన్ ఆయిల్ కూడా లోపలికి పీల్చుకుంటుంది. ఒకట్రెండు ప్లగ్గులు నూనెతో తడిసి ఉంటాయి, నీలం పొగ వస్తుంది. చూస్తే రింగులు పోయాయనిపిస్తుంది, అనవసరంగా ఇంజన్ విప్పుతారు. తేల్చుకోవడానికి పీసీవీ పైపునూ బ్రీదర్‌నూ మూసేసి, ఆయిల్ పోసే మూత తీసి ఆ నోటి మీద అరచెయ్యి పెట్టి చూడండి. చేతిని లోపలికి పీలుస్తుంటే లీకు అడుగునే ఉంది.

ఏ సిలిండర్ పని చేయట్లేదు?

మిస్ లయగా ఉందంటే ఒక్కో సిలిండర్‌నూ ఆపి చూడాలి. ఇంజన్ ఆపి, ఒక ప్లగ్ వైరు ఊడదీసి, దాని చివర ఎర్త్ చేసిన స్పార్క్ టెస్టర్ తగిలించి, మళ్లీ స్టార్ట్ చేయండి. వైరును ఊరికే గాలిలో వదిలేయకూడదు. కరెంటుకు దారి దొరక్క కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నో ఇగ్నిషన్ మాడ్యూల్‌నో కాల్చేస్తుంది. సిలిండర్‌కొక ఇంజెక్టర్ ఉన్న బండిలో అయితే వైరు బదులు ఇంజెక్టర్ కనెక్టర్ ఊడదీయడం మేలు, కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోదు. వైరు పద్ధతిలో ఒక్కో సిలిండర్‌ను కొన్ని సెకన్లకు మించి ఆపొద్దు.

మంచి సిలిండర్‌ను ఆపితే ఆర్‌పీఎమ్ పడిపోతుంది, వణుకు పెరుగుతుంది. దేన్ని ఆపినా ఆపకపోయినా తేడా లేదో అదే దొంగ. ఇప్పుడు దాని ప్లగ్గును పక్క సిలిండర్ ప్లగ్గుతో మార్చండి. మిస్ పక్క సిలిండర్‌కు మారితే ప్లగ్గు పోయింది. మారకపోతే వైరు మార్చి చూడండి. అప్పుడూ అక్కడే ఉంటే ఇంజెక్టర్, కంప్రెషన్ మిగిలాయి.

విప్పిన ప్లగ్గును పడేయకుండా వెలుతురులో తిప్పి చూడండి. లేత గోధుమ రంగు ఉంటే మంటలు సరిగ్గా ఉన్నాయి. పొడి నల్ల మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. తడిగా, నల్లగా మెరుస్తుంటే ఆయిల్ వస్తోంది. తెల్లగా పాలిపోయి ఉంటే మిక్స్చర్ లీన్ (పెట్రోల్ తక్కువ), గాలి లీకు ఉండొచ్చు. తెల్ల పింగాణీని గుడ్డతో తుడిచి మరీ చూడండి. పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత కనిపిస్తే కరెంటు లోపలికి పోకుండా ఆ గీత మీదుగా బాడీకి దూకుతోంది. వైరు టోపీ లోపల కూడా అలాంటి గీతే ఉంటుంది. ప్లగ్గు ఒక్కటే మార్చి పాత వైరు ఉంచితే నాలుగు రోజుల్లో కొత్త ప్లగ్గు మీదా గీత పడుతుంది. రెండూ మార్చాలి.

ప్లగ్ గ్యాప్ చాలా ఇంజన్లకు 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి అంకె బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. వైర్లను మల్టీమీటర్‌తో కొలవండి. దాదాపు ఒకే పొడవున్న వైర్లలో ఒకదాని రెసిస్టెన్స్ మిగతావాటికంటే బాగా ఎక్కువుంటే అది లోపల తెగింది. చీకట్లో ఇంజన్ నడుపుతూ వైర్ల మీద నీటి తుంపర కొడితే లీకయ్యే కరెంటు నీలి నిప్పురవ్వలుగా కళ్లకే కనిపిస్తుంది.

డిస్ట్రిబ్యూటర్ మూత లోపల వెంట్రుక మందం పగులు, నల్ల గీతలు, మధ్యలో అరిగిపోయిన కార్బన్ బొత్తం, టెర్మినళ్ల మీద తెల్ల పొడి ఉన్నాయేమో చూడండి. మూతా రోటరూ కలిపి మార్చడమే పద్ధతి. షాఫ్టును పట్టుకుని పక్కలకు ఊపండి. చేతికి ఆట తెలిసిందంటే బుష్ అరిగింది, టైమింగ్ ఎప్పటికీ నిలవదు. పాయింట్లు (స్పార్కు కోసం కరెంటును తెంచే స్విచ్చు) ఉన్న పాత ఇంజన్లలో గ్యాప్ సాధారణంగా 0.4-0.5 మిల్లీమీటర్లు.

వైర్లు ఎవరైనా ఈ మధ్య మార్చి ఉంటే ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) సరిచూడండి. షెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ-8లో అది 1-8-4-3-6-5-7-2. ఇందులో 5, 7 పక్కపక్క సిలిండర్లు, ఒకదాని వెంట ఒకటి మండుతాయి. ఆ రెండు వైర్లనూ ఒకదానికొకటి ఆనించి సమాంతరంగా కడితే ఒకదాని కరెంటు రెండోదాంట్లో పుట్టి 7వ సిలిండర్ ముందే మండుతుంది. అన్ని భాగాలూ కొత్తవే వేసినా మిస్ పోకపోవడానికి ఇదొక కారణం. వాటిని దూరంగా, లేదంటే ఒకదాన్నొకటి అడ్డంగా దాటేలా కట్టండి.

టైమింగ్ లైటుతో చూసేటప్పుడు వాక్యూమ్ అడ్వాన్స్ పైపు ఊడదీసి దాని నోరు మూయాలి. కంప్యూటర్ నడిపించే ఇగ్నిషన్ అయితే స్టిక్కర్ చెప్పిన కనెక్టర్‌ను ఊడదీశాకే బేస్ టైమింగ్ కనిపిస్తుంది. గుర్తు ఒక చోట నిలవకుండా గెంతుతుంటే డిస్ట్రిబ్యూటర్ బుషో టైమింగ్ చైనో అరిగింది.

కార్బురేటర్ బండ్లు

గాలి లీకులు, స్పార్కు తేలాకే కార్బురేటర్ ముట్టుకోండి. ఇంజన్ బాగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా తెరుచుకోవాలి. వేడెక్కాక కూడా చోక్ ప్లేటు సగం మూసుకుని ఉంటే జబ్బు అదే. మసి పొగ, పెట్రోల్ వాసన, వణుకు మూడూ కలిసే వస్తాయి.

ఐడిల్ మిక్స్చర్ స్క్రూ ఇప్పుడు ఎన్ని చుట్లలో ఉందో రాసుకుని, ఇంజన్ ఆపి, మెల్లగా తగిలేదాకా లోపలికి తిప్పండి. బిగించొద్దు, సూది మొన దెబ్బతింటుంది. అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి. రెండు స్క్రూలుంటే రెండూ సమానంగా. ఇంజన్ స్టార్ట్ చేసి, వాక్యూమ్ గేజ్ చూస్తూ పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పండి. తడబడడం మొదలైన చోటు గుర్తుపెట్టుకుని బయటికి తిప్పండి. రీడింగ్ అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోట ఆపండి. ఆ తర్వాతే ఐడిల్ స్పీడు సరిచేసి, మిక్స్చర్ మరోసారి చూడండి.

స్క్రూ పూర్తిగా మూసినా ఇంజన్ ఏ తేడా లేకుండా నడుస్తుంటే పెట్రోల్ వేరే దారిలో వస్తోంది. ఎయిర్ క్లీనర్ తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, పక్క నుంచి టార్చి వేసి చూడండి. ఐడిల్‌లో మెయిన్ నాజిల్ నుంచి బొట్లు కారకూడదు. కారుతుంటే ఫ్లోట్ ఎత్తు ఎక్కువుంది, లేదా నీడిల్ వాల్వు కింద చెత్త ఇరుక్కుంది. హోలీ అనే కంపెనీ కార్బురేటర్లలో బ్యాక్‌ఫైర్‌కు పవర్ వాల్వు డయాఫ్రమ్ చిరిగినా ఇదే రిచ్ జబ్బు. స్క్రూ ఎంత వదులు చేసినా ఇంజన్ చాలట్లేదన్నట్టు ఉంటే ఐడిల్ జెట్టు పూడింది. తీగతో పొడిచి రంధ్రం పెద్దది చేయకుండా క్లీనర్, గాలి ప్రెజర్‌తోనే శుభ్రం చేయండి.

ఇంజెక్షన్ బండ్లు

అమెరికాలో 1996 నుంచి అమ్మిన లైట్ ట్రక్కులకు ఓబీడీ-2 పోర్టు ఉంటుంది, స్కానర్ తగిలిస్తే లోపాల కోడ్‌లు చదవొచ్చు. పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్, పీ0302 అంటే రెండోది, పీ0300 అంటే ఫలానాదని చెప్పలేని మిస్. కోడ్ కంటే ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) ఎక్కువ చెబుతుంది. ఐడిల్‌లో ప్లస్ 15-25 శాతం ఉండి, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర సున్నా వైపు వస్తే గాలి లీకు. వేగం పెరిగేకొద్దీ ట్రిమ్ ఇంకా పెరుగుతుంటే పెట్రోల్ సరిగ్గా అందట్లేదు: ఫిల్టర్, పంపు, ప్రెజర్ చూడండి.

ఐడిల్ కంట్రోల్ వాల్వు విప్పి, దాని కొననూ అది కూర్చునే రంధ్రాన్నీ థ్రాటిల్ బాడీ క్లీనర్‌తో కడగండి. పూడిపోయిన మసి పోతే చాలా బండ్లు అక్కడికక్కడే దారికొస్తాయి. సూది కొనను చేత్తో బలంగా నొక్కొద్దు, లోపలి మోటారు పళ్లు విరుగుతాయి. థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ మూసిన స్థితిలో సాధారణంగా 0.5 నుంచి 1 వోల్టు చూపాలి, పెడల్ నెమ్మదిగా నొక్కితే ఎక్కడా తెగకుండా పెరగాలి.

కూలెంట్ సెన్సర్ తప్పు చెబితే కంప్యూటర్ ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. పాత జనరల్ మోటార్స్ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 3,500 ఓంలు, 100 డిగ్రీల దగ్గర 180 ఓంల దాపున చూపుతుంది. థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయినా ఇదే ఫలితం. అప్పుడు సెన్సర్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

జనరల్ మోటార్స్ టీబీఐ (థ్రాటిల్ బాడీలోనే ఇంజెక్టర్ ఉండే) బండ్లలో ఫ్యూయల్ ప్రెజర్ 9-13 పీఎస్‌ఐ మధ్య ఉండాలి. వీటిలో ఇంజెక్టర్ పైనే కనిపిస్తుంది కాబట్టి ఎయిర్ క్లీనర్ తీసి టైమింగ్ లైటు దాని మీదికి వేయండి. స్ప్రే గాల్లో ఆగినట్టు కనిపిస్తుంది. అన్ని వైపులా సమానమైన గొడుగులా ఉండాలి. ఒక పక్కకు తీగలా కారుతుంటే శుభ్రం చేయాలి. ఇంజన్ ఆపాక కూడా బొట్లు పడుతుంటే సీలు పోయింది. ప్రెజర్ రెగ్యులేటర్‌కు వాక్యూమ్ పైపు ఉన్న బండ్లలో ఆ పైపు ఊడదీసి వాసన చూడండి. లోపల పెట్రోల్ తడి ఉంటే డయాఫ్రమ్ చిరిగినట్టే.

ఈజీఆర్

ఐడిల్‌లో దారుణంగా వణికి, కొంచెం ఆక్సిలరేటర్ తొక్కగానే పూర్తిగా బాగైపోయే బండిలో గాలి లీకు దొరకలేదంటే ఈజీఆర్ వాల్వు చూడండి. ఐడిల్‌లో మూసుకుని ఉండాల్సిన ఆ వాల్వు కింద మసి ముక్క ఇరుక్కుంటే కాలిన పొగ లోపలికి వచ్చి మంటను చంపుతుంది. వాల్వు విప్పి, దాని కింద గ్యాస్కెట్ ఆకారంలో కత్తిరించిన పలుచని రేకు పెట్టి బిగించి నడపండి. వణుకు పోతే నిర్ధారణ అయినట్టే. రేకును పరీక్ష అవ్వగానే తీసేయాలి, ఉంచేస్తే బరువు లాగేటప్పుడు ఇంజన్ నాక్ అవుతుంది, అంటే లోపల టకటక కొడుతుంది. వాల్వు సీటు గీకి శుభ్రం చేయండి, మూసుకోకపోతే మార్చండి.

కంప్రెషన్, టాపెట్లు, మౌంటింగులు

అన్ని ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్, ఫ్యూయల్ పంపు ఆపేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కు నాలుగైదు దెబ్బలు తిప్పండి. అన్నిటికంటే తక్కువ అంకె, ఎక్కువ అంకెలో 75 శాతానికి తగ్గకూడదు. తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయింది.

వాల్వు అనిపిస్తే హెడ్ దించేముందు టాపెట్ సెట్టింగ్ చూడండి. క్లియరెన్స్ చేత్తో సెట్ చేసే ఇంజన్లలో సీటు అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. టొయోటా 22ఆర్ ఇంజన్‌కు వేడి మీద ఇన్‌టేక్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు. నిశ్శబ్దంగా ఉన్న టాపెట్లు బాగున్నాయని అనుకోవద్దు. బిగుసుకుపోయినవి అసలు శబ్దమే చేయవు.

అన్నీ సరిగ్గా ఉండి, వాక్యూమ్ ముల్లు కదలకుండా ఉండి, క్యాబిన్ మాత్రం వణుకుతుంటే ఇంజన్‌ను వదిలేసి మౌంటింగుల దగ్గరికి రండి. ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి పట్టి డ్రైవ్‌లోకీ రివర్స్‌లోకీ మారుస్తుంటే, మీరు బండికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి చూడండి. ఇంజన్ ఒక పక్కకు ఎగిరి పడుతుంటే రబ్బరు లోహం నుంచి విడిపోయింది.

చివరగా ఐడిల్ స్పీడు

జబ్బు దొరికి, బాగు చేశాక ఐడిల్ స్పీడు సెట్ చేయండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి, ఏసీ, లైట్లు ఆపి ఉండాలి. ఆటోమేటిక్ బండికి స్టిక్కర్ మీద డ్రైవ్‌లో అని రాసి ఉంటే డ్రైవ్‌లోనే, బ్రేకు మీద మనిషిని కూర్చోబెట్టి, చక్రాలకు అడ్డు పెట్టి చూడాలి. అదే అంకె న్యూట్రల్‌లో పెడితే డ్రైవ్‌లో వేయగానే కిందికి పడిపోతుంది. కంప్యూటర్ నడిపే బండ్లలో థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పకండి. బ్యాటరీ ఊడదీసి ఉంటే కొద్ది దూరం నడిపేదాకా ఐడిల్ కాస్త తేడాగా ఉంటుంది, కంప్యూటర్ నేర్చుకున్నాక దానంతటదే సర్దుకుంటుంది.